చిరిగిన చోటే మళ్ళీ

వారం నుంచీ ముసురు వదలడం లేదు. అవనిగడ్డలో మా ఇంటి వసారాలో తాడు మీద వేసిన బట్టలేవీ ఆరడం లేదు. అన్నిటికన్నా మొండివి మా ఆయన మేజోళ్ళు. కాలేజీ బస్సు నడిపే మనిషికి బూట్లు తప్పవు, బూట్లున్న ఇంట్లో ఈ తడి వాసనా తప్పదు. ఆరీ ఆరని జత ఒకటి తీసి, ఒక్కోదాంట్లో చెయ్యి దూర్చి, లోపల వేళ్ళు విప్పి చూశాను. ఎడమదానికి బొటనవేలి కింద, అరికాలు మొదలయ్యే చోట, గోరంత చిరుగు. కుట్టు డబ్బాలోంచి మాడిపోయిన బల్బు తీసి మేజోడు లోపలికి తోశాను. కదిలిస్తే లోపల తెగిన తీగ సన్నగా గలగలమంది. ఆ చప్పుడు వింటే చాలు, రూతమ్మ గారు ఎదురుగా నిలబడి కళ్ళద్దాల పైనుంచి నన్ను అనుమానంగా చూస్తున్నట్టే ఉంటుంది.

రూతమ్మ గారు గుడివాడలో నేను ఇంటర్ చదివిన కాలేజీలో ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్. బక్కపలచటి మనిషి. నేత చీర, బిగించిన ముడి, మెడలో నల్లదారానికి హాస్టల్ తాళాలు. ఆవిడ అనుమానించని వస్తువు ఆ హాస్టల్లో లేదు. పిల్లలకి ఇంటి నుంచి పచ్చడి వస్తే, సీసాలో గరిటె పెట్టి అడుగుదాకా కెలికి గానీ ఇచ్చేవారు కాదు. సెల్‌ఫోన్లు దాచి పంపిస్తారని ఆవిడ గట్టి నమ్మకం. ఒకసారి ఆవకాయలో దొరికింది కూడా, ప్లాస్టిక్ కవర్లో చుట్టి. ఆ తర్వాత ఇక ఆవిడని పట్టేవాళ్ళు లేకపోయారు. ఆదివారం చర్చిలో కూడా బయట విప్పిన చెప్పులు కనబడే చోటే కూర్చునేవారని పిల్లలు చెప్పుకుని నవ్వేవారు. "మీ మీద నమ్మకం లేక కాదమ్మా, నాకు ఎవరి మీదా లేదు" అని ఆవిడే అనేవారు, ఏ మొహమాటం లేకుండా.

నేను హాస్టల్ పిల్లని కాను. బందరు నుంచి రోజూ నాన్నతో కలిసి రైల్లో వచ్చేదాన్ని. నాన్న ఆ కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్. మాది సముద్రం మీద బతికిన కుటుంబం. సుగర్ వచ్చి, ఒంట్లో సత్తువ తగ్గి, పడవ మీద పని చెయ్యలేక నాన్న ఈ ఉద్యోగంలో చేరాడు. ఇసుకలో ఉప్పునీళ్ళలో బతికిన కాళ్ళు, నల్ల బూట్లలో ఒక పట్టాన ఇమిడేవి కావు. మేజోళ్ళు చిరిగిపోతూనే ఉండేవి. చిరిగినప్పుడల్లా నాన్న నైలాన్ దారం తీసుకుని, వల బాగుచేసినట్టే, ముడి మీద ముడి వేసి తనే కట్టుకునేవాడు. మా ఇళ్ళలో చిరుగంటే వలకి పడ్డ చిరుగే. దానికి మాకు తెలిసిన వైద్యం ముడి ఒక్కటే.

ఒక ఆదివారం అమ్మ బట్టలు ఉతుకుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. నాన్న మేజోడు ఒకటి తిరగేసి, వెలుతురుకి పట్టి చూస్తోంది. బొటనవేలి కింద చిరుగు ఉండాల్సిన చోట నల్లదారంతో సన్నటి చాపలాంటి అల్లిక ఉంది. నిలువు పోగులు, వాటి మీదుగా కిందుగా అడ్డ పోగులు. అమ్మ తడి చేతులతోనే అరుగు మీదకి వచ్చింది. నాన్న అన్నం తింటున్నాడు.

"ఇదెవరు కుట్టారయ్యా?"

"నేనే."

"నువ్వు కుడితే ముడేదీ?"

నాన్న వంచిన తల ఎత్తకుండా మజ్జిగ పోసుకున్నాడు. అమ్మ పుట్టిల్లు నాగాయలంక పక్క పల్లె. పుట్టింట్లో వలలు కట్టిన చెయ్యి ఆమెది, ఏ ముడి ఎవరి చేతిదో చూసి చెప్పేస్తుంది. ముడి అన్నదే లేకుండా, అంత ఓపిగ్గా, అంత మెత్తగా మా నాన్న కాలికి అల్లిపెట్టిన చెయ్యి ఆడదాని చెయ్యేనని తేల్చేసింది. "టైలరు కాడ కుట్టించానంటే ఊరుకునేదాన్నేనే మణీ. నేనే కుట్టానన్నాడు చూడు, అక్కడ దొరికాడు" అంది నాతో. కొద్దిరోజులకి ఇంకో మేజోడూ అలాగే వచ్చింది. అమ్మ వండి గిన్నెలు నేల మీద పెట్టేది, వడ్డించడం మానేసింది. పెట్టె దించి చీరలు సర్దడం నేను చూశాను. "ఎవతో నువ్వే కనిపెట్టు. రోజూ ఆయనతోనే పోతావు కదా. తేలకపోతే నేను మీ మావయ్య కాడికి పోతాను. పోతే మళ్ళీ రాను" అంది. అమ్మ ఊరికే బెదిరించే మనిషి కాదు. మా ఇల్లు విడిపోకుండా ఉండడం ఇప్పుడు నా చేతుల్లో ఉందని భయం పట్టుకుంది.

అప్పటినుంచి రైల్లో నాన్న ఎదురుగా కూర్చుని ఆయన కాళ్ళ వంకే చూసేదాన్ని. పెడనలో ఎక్కే ఆడవాళ్ళెవరైనా నాన్నని పలకరిస్తే ఆ మాటలన్నీ చెవి ఒగ్గి వినేదాన్ని. కాలేజీలో కనబడిన ప్రతి ఆడమనిషి వేళ్ళూ చూసేదాన్ని, సూది గుచ్చుకున్న గుర్తులేమైనా ఉంటాయేమోనని. కాంటీన్లో దోసెలు వేసే ఆవిడ నాన్నకి చట్నీ ఎక్కువ వేసిందని రెండు పూటలు ఆవిడ చుట్టూ తిరిగాను. రూతమ్మ గారిని మాత్రం నా లెక్కలోకి తీసుకోలేదు. అందరినీ అనుమానించే మనిషిని అనుమానించాలని నాకు తట్టలేదు.

ఒక మధ్యాహ్నం లైబ్రరీ మెట్ల మీద కూర్చుని వాచ్‌మన్ గది వైపు చూస్తున్నాను. నాన్న భోజనానికి ముందు మేజోళ్ళు మార్చుకుని, పాతవి కిటికీ ఊచల మీద ఆరేసి, గేటు దగ్గరికి వెళ్ళాడు. రూతమ్మ గారు హాస్టల్ వైపు నుంచి వచ్చారు. అటు చూశారు, ఇటు చూశారు. ఊచల మీది మేజోళ్ళు లాగి కొంగు చాటున పెట్టుకుని చకచకా వెళ్ళిపోయారు. నేను లేచి వెనకే వెళ్ళాను. ఆవిడ గది తలుపు కొట్టబోయేంతలో అదే తెరుచుకుంది.

"ఇందాకటి నుంచీ చూస్తున్నాను, నా వెనకే వస్తున్నావు. ఏం కావాలి?"

"మా నాన్న సాక్సులండీ."

ఆవిడ నన్ను పైనుంచి కిందిదాకా చూశారు. "ఏడుకొండలు గారి అమ్మాయివా? మీ అమ్మ పంపించిందా?" ఆవిడ తలుపు బార్లా తీశారు. "పంపించే ఉంటుంది. నేనైనా పంపిస్తాను. లోపలికొచ్చి కూర్చో."

బల్ల మీద మాడిపోయిన బల్బు, సూదులు, నల్ల నూలుదారం. ఆవిడ చెప్పింది విన్నాక నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా నాన్న హాస్టల్ పిల్లలకి ఫోన్లు అందిస్తున్నాడేమోనని ఆవిడకి అనుమానం వచ్చిందట. గదంతా వెతికారట. ఫోన్ దొరకలేదు గానీ నైలాన్ ముడులేసిన మేజోడు దొరికింది. ఆ ముడి కత్తిరించి దాచి ఉంచారు, సాక్ష్యంలా. నా వేళ్ళ మధ్య పెట్టి నొక్కమన్నారు. పెసరగింజలా గట్టిగా తగిలింది.

"రోజంతా దీని మీద నిలబడ్డాడు మీ నాన్న. నీకైతే ఎలా ఉంటుంది? నొప్పి పుట్టదూ? ఆయన్ని అడిగితే నాకు నొప్పేం తెలీదండీ అన్నాడు. అక్కడ తగిలింది నాకు అనుమానం. ముడి తీసేసి మెత్తగా అల్లి ఇచ్చాను. అయినా మళ్ళీ అక్కడే చిరిగింది. కుడికాలిది చూడు, మడమ దగ్గర అరిగింది, అందరికీ అరిగే చోటే. ఎడమది ఎప్పుడూ ఇక్కడే. ఈ మరక చూడు. కాలు చూపించండి అంటే బూటు లేసు ఇంకా గట్టిగా బిగించుకున్నాడు. బూటు వేసుకోలేడని తెలిస్తే ఉద్యోగం పోతుందని భయం ఆయనకి. నాకు మాత్రం ఆ కాలే పోతుందని భయంగా ఉంది."

"మరి ఇలా చాటుగా ఎందుకండీ?"

"వార్డెన్ వాచ్‌మన్ సాక్సులు కుడుతోందంటే ఈ పిల్లలు ఊరుకుంటారా? మీ నాన్న కూడా ఎవరికీ చెప్పనంటేనే కుట్టించుకున్నాడు."

బల్బుని చేతిలో తిప్పుతూ, ఆవిడ మళ్ళీ అన్నారు. "మా ఆయన మాస్టారు. ఆయనకీ ఇలాగే చిరిగేవి. ఈ అల్లిక నేను చిన్నప్పుడు మిషన్ బోర్డింగ్‌లో నేర్చుకున్నాను. చిరిగినప్పుడల్లా కొత్తదానిలా చేసి ఇచ్చేదాన్ని. ఆయన మురిసిపోయేవారు, నేనూ మురిసిపోయేదాన్ని. ఎందుకు అక్కడే చిరుగుతోందని ఒక్కసారి అడగలేదమ్మా. చివరికి కాలు మోకాలి దాకా తీసేశారు. ఆ తర్వాత ఆయన ఎక్కువ కాలం లేరు." ఆవిడ మెడలోని తాళాల గుత్తిని ఊరికే పట్టుకుని వదిలారు. "మీ అమ్మని తీసుకురా. ఏం చెప్పి తీసుకొస్తావో నీ ఇష్టం."

నేను అమ్మతో "ఎవరో తెలిసింది, రేపు రా" అన్నాను, అంతే. నాన్న గేటు తెరవడానికి తెల్లవారే వెళ్ళిపోయాడు, మేం తర్వాతి రైలెక్కాం. అమ్మ జుట్టు బిగించి ముడేసుకుని, కొంగు నడుముకి దోపుకుని, రైలు ఆగీ ఆగకముందే దిగేసింది. తీరా రూతమ్మ గారిని చూశాక కాస్త తడబడింది గానీ చూపులో పదును తగ్గలేదు. రూతమ్మ గారు కూడా కూర్చోమనలేదు. ఎడమ మేజోళ్ళన్నీ తెచ్చి అమ్మ చేతిలో పెట్టారు.

"మీరు వలలు కట్టినవారట. ఒక్కచోటే మాటిమాటికీ చిరిగే వల మీ చేతికిస్తే ఏమంటారండీ?"

అమ్మ ఒక్కొక్కటే తిరగేసింది. అల్లిక మీద బొటనవేలితో రాసింది. మరక ఉన్నదాన్ని ముక్కు దగ్గరికి తీసుకుని వాసన చూసింది. మొహం పాలిపోయింది.

"అడుగున ఏదో ఉందంటాం అండీ. రాయో, మొద్దో."

"పదండి చూద్దాం."

ఇద్దరూ వాచ్‌మన్ గదికి వెళ్ళారు, వెనక నేను. అమ్మని అక్కడ చూసి నాన్న బిత్తరపోయాడు. అమ్మ నేల మీద కూర్చుని ఆయన ఎడమకాలు ఒళ్ళోకి లాక్కుంది. "ఇక్కడెందుకే, ఇంటికెళ్ళాక చూద్దువుగాని" అని నాన్న బతిమాలాడు. "నోరు మూసుకో" అంది అమ్మ, లేసు విప్పుతూ. రూతమ్మ గారు గుమ్మంలో అటు తిరిగి నిలబడ్డారు, ఎవరూ రాకుండా. బొటనవేలి కింద నల్లటి పుండు. వేలు చుట్టూ రంగు మారిపోయింది. అంత లోతుందని నాన్నకే తెలియదు, కాలు మొద్దుబారిపోయి నొప్పే లేదు. ఇంకో ఆడదాన్ని పట్టుకుందామని వచ్చిన అమ్మ, ఆ పాదాన్ని పట్టుకుని భోరున ఏడ్చింది.

బొటనవేలు పోయింది. పాదం నిలిచింది. ఇంకొన్నాళ్ళు ఆగితే అదీ దక్కేది కాదన్నారు డాక్టరు. నాన్న మళ్ళీ బూటు వేసుకోలేదు. ఉద్యోగం పోయింది, ఆయన భయపడ్డట్టే. ఇంటి ముందు కూర్చుని పదిమంది వలలూ బాగుచేస్తూ, తనకి ఇష్టమైనన్ని ముడులు వేసుకుంటూ చాలా ఏళ్ళు బతికాడు. అమ్మ నా చేత రూతమ్మ గారికి ఎండురొయ్యలు పంపించేది. ఆవిడ పొట్లం విప్పి అడుగుదాకా చూసి గానీ తీసుకునేవారు కాదు. అమ్మ కూడా తక్కువదేం కాదు. "మంచి మనిషేలే. అయినా ఆ సాక్సులు కొంగు చాటున పెట్టుకోవడం ఏంటే?" అని చివరిదాకా అంటూనే ఉంది.

కాలేజీలో చదివినన్నాళ్ళూ, రైలుకి టైముంటే ఆవిడ గదికి వెళ్ళి అల్లిక నేర్చుకున్నాను. మొదట నేనూ ముడే వేశాను. చేతి మీద చిన్న దెబ్బ పడింది. దారం కొస ముడి వెయ్యకుండా బాగున్న బట్టలో నాలుగు కుట్లు పారించి వదిలెయ్యాలి. చిరుగు అంచు దగ్గర మొదలుపెట్టకూడదు, దానికి బాగా ఇవతల, బట్ట గట్టిగా ఉన్నచోట మొదలుపెట్టాలి. లాగకూడదు, లాగితే ముడతపడి అదే ఇంకో ముడి అవుతుంది. కొత్త మేజోడు కొన్నా ఆవిడ తిన్నగా వేసుకోనిచ్చేవారు కాదు. మడమ దగ్గర, వేళ్ళ దగ్గర లోపలివైపు పలచగా దారం పారించి బలం చేయించేవారు. "కొత్తది కదండీ" అంటే "కొత్తది కాబట్టే. ఎక్కడ మోసం చేస్తుందో ఇంకా తెలీదు" అనేవారు. నాకు ఆవిడంటే భయం, చికాకు. ఆ రెంటి కిందా ఎంత ఇష్టం పేరుకుందో, గుడివాడ వదిలాకే తెలిసింది.

రిటైరయ్యాక ఆవిడ పామర్రులో చెల్లెలి ఇంట్లో ఉండేవారు. పెళ్ళి కుదిరిందని చెప్పడానికి వెళ్ళాను. చూపు బాగా మందగించింది, అనుమానం మాత్రం తగ్గలేదు.

"అబ్బాయి ఎలాంటివాడు?"

"మంచివాడేనండీ. డ్రైవరు."

"సాక్సులు చూశావా?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. లేచి వెళ్ళి, గుడ్డలో చుట్టిన ఈ బల్బు తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఇప్పుడు ఇలాంటివి రావడం లేదు. పగలగొట్టుకోకు" అన్నారు. అదే చివరిసారి చూడడం. ఆవిడ పోయారన్న కబురు నాకు తెలిసేసరికే తీసుకెళ్ళిపోయారు. చర్చి వెనక సమాధుల తోటలో ఒక్కదాన్నే చాలాసేపు నిలబడి వచ్చాను.

బల్బు ఎక్కించిన మేజోడు ఒళ్ళో పెట్టుకునే, సూది ముట్టుకోకుండా, మా ఆయన్ని పిలిచాను. "ఏమండీ, ఒకసారి ఎడమకాలు ఇటు పెట్టండి."

"మొదలైందా నీ అనుమానం? ఒక చిన్న చిరుగుకి ఇంత పరీక్షేంటి మణీ" అంటూనే వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ట్యూబ్‌లైటు కింద అరికాలంతా చూశాను. వేళ్ళ సందులు చూశాను. వేలితో నొక్కి, తెలుస్తోందా అని అడిగాను. "తెలుస్తోంది, చక్కిలిగింతలు కూడా అవుతున్నాయి" అన్నారు. కాలు బాగానే ఉంది. అయినా నా మనసు ఒప్పుకోలేదు. బూటు తెచ్చి లోపలికి చెయ్యి పోనిచ్చి, నెమ్మదిగా తడుముకుంటూ పోయాను. బొటనవేలి కింద, అట్టలోంచి పైకి పొడుచుకొచ్చిన మేకు కొస చల్లగా వేలికి తగిలింది.

ఆయన నవ్వు ఆపేసి సుత్తి తెచ్చుకున్నారు. మేకు అణిగేదాకా పక్కనే నిలబడి, మళ్ళీ చెయ్యి పెట్టి చూశాను. ఆ తర్వాతే సూదిలో దారం ఎక్కించాను.