అక్క చదివిన రెండో భాగం

మన ఇంటివాళ్ల గ్రూపులో అందరూ ఎలా ఉన్నారు... మిర్యాలగూడ వదినా, మోకాళ్ల నొప్పి తగ్గిందా? మెట్లు ఎక్కకు. తిరుమలగిరిలో మరదలు బీపీ గోలీ మరచిపోవడం లేదు కదా? పెన్‌పహాడ్ తమ్ముడూ, దగ్గు ఇంకా ఉంటే దవాఖానలో చూపించుకో, నాకు భయంగా ఉంది. కోదాడలో మా అక్క సంగతి నేనే చెప్పాలి. అది చెప్పాలంటే చిన్నతనం నుంచి రావాలి...

మా చిన్నప్పుడు సూర్యాపేటలో ఎండాకాలం అంటే చింతపండు గింజ తీయడమే. వాకిట్లో ఆడవాళ్లంతా చుట్టూ కూర్చుని బండ మీద పెట్టి కొడుతుంటే గింజలు ఎగిరిపడేవి. మా అక్క ఒక్కతే కొట్టేది కాదు. ఏడో తరగతి చదివింది కదా... కొట్లో కిరాయికి తెచ్చిన పుస్తకం పైకి చదవడం తన పని.

ఆ ఏడు తెచ్చింది మాయల నవల. మూడు భాగాల్లో మొదటిది. ఊరి కింద ఇంకో ఊరు... దిగుడుబావి మెట్ల నుంచి దారి. అక్క చదువుతుంటే మండుటెండలో నా అరికాళ్లకు తడిరాయి తగిలేది. రాసినవాడెవరో గానీ అంత బాగా రాశాడు. కానీ రాజులు ఏడుగురు, పేర్లన్నీ ఒకేలా, యుద్ధం మీద యుద్ధం.

"గింతమంది రాజులెందుకే, ఒక్కడు సాలడా?" అని మా మేనత్త గొణిగేది.

"నువ్ జర సప్పుడు సెయ్యకత్తా, పిల్ల లోపలికి పోతున్నది," అని అక్క కసిరేది.

పోయింది... ఆ కథలో నా ఈడు పిల్ల, తమ్ముణ్ని వెతుక్కుంటూ. ఆఖరి పేజీలో రాతితలుపు మూసుకుంది. మొదటి భాగం అంతే.

రెండో భాగం ఆ కొట్లో లేదు. నేను అన్నం మానేశాను. లోపల దానికి నీళ్లెలా అని ఒకటే ఏడుపు... జ్వరం కూడా వచ్చింది.

"పిల్లను పరేషాన్ జేసినవ్, ఇగ నువ్వే సూసుకో," అని అమ్మ అక్కను తిట్టింది.

మూడో రోజు అక్క అట్ట వేసిన పుస్తకంతో వచ్చింది. "దొరికిందే రెండో భాగం!" పేజీలు తిప్పుతూ రోజూ చదివింది. ఇందులో రాజులు ఇద్దరే. పిల్లకు లోపల ఊటనీళ్లు దొరికాయి.

"గిప్పుడు మంచిగ రాసిండు," అంది మేనత్త.

చింతపండు అయిపోయేలోపు పిల్ల తమ్ముడితో బయటికొచ్చింది. నాకు జ్వరం పోయింది.

తర్వాత కూడబలుక్కుని చదవడం వచ్చాక, పెట్టెలోంచి ఆ అట్ట పుస్తకం తీసి చూశాను. లెక్కల పుస్తకం... ఆ మాట అక్కను ఇంతవరకు అడగలేదు.

ఇప్పుడు అక్కకు కళ్లు మసక. శుక్రవారం ఒక కంటికి ఆపరేషన్. భయం మరుస్తుందని, మనవరాలి దగ్గర ఒక కొత్త మాయల నవల తీసుకుని రోజూ ఫోనులో చదివి వినిపించాను. ఇదీ మూడింటిలో మొదటిదే. అడవి బాగుంది, వానవాసన వస్తుంది. కానీ సగం పుస్తకం నడకే... పేర్లకు నోరు తిరగదు. ఆఖరికి పిల్లను నది ఎత్తుకుపోయింది.

"మరి రెండో భాగం?" అంది అక్క.

"ఇంకా అచ్చు కాలేదంటక్కా."

"ఆ పిల్ల బతికిందో లేదో తెల్వకుండ నేను ఆపరేషన్‌కు పోనే. కంటికి కట్టు కట్టుకొని దాన్నే తల్సుకోవాల్నా?"

అన్నదంటే అన్నదే, మొండిది. ఆలస్యం చేస్తే ఉన్న చూపూ పోతుందని డాక్టరు చెప్పాడు.

"ఆగక్కా... మనవరాలు ఇప్పుడే సెప్పింది. దొరికిందంట!" అనేశాను.

అన్నాను గానీ అప్పటి నుంచి నిద్ర లేదు. కథ అల్లడం నాకేం వచ్చు... అప్పుడు వాకిలి నిండా వినేవాళ్లు, తప్పు పట్టేవాళ్లు. ఇప్పుడు ఫోనుకు ఈ చివర నేను, ఆ చివర అక్క. మీ ఇళ్లలో ఎవరైనా ఇలా లేని కథ చదివి వినిపించారా? నదిలో పడ్డ పిల్లను ఎలా గట్టెక్కించాలో కూడా చెప్పండి. రాజులు ఇద్దరికి మించొద్దు. అక్కకు ఫోనులో అక్షరాలు కనబడవు, దయచేసి ఎవరూ చెప్పకండి.

మనవరాలి లెక్కల పుస్తకానికి అట్ట వేసి సంచిలో పెట్టుకున్నాను. గురువారం పొద్దున మొదటి బస్సుకు కోదాడ వెళ్తున్నాను.