ఫిద్దాకు పట్టిన అనుమానం

బాగ్దాద్ రోడ్డు పక్కన, నల్లరాళ్ల మైదానంలో ఖలఫ్ ఇల్లు. అతని భార్య ఫిద్దా, చనిపోయిన అన్న భార్య తుర్ఫా కలిసి మేకలు కాసి, పాలు పితికి, జున్ను చేసి మఫ్రక్ పట్నం బజారుకు పంపేవారు. ఇద్దరూ పొద్దస్తమానం పోట్లాడుకునేవారు గానీ, ఒకరు లేకుండా మరొకరికి ముద్ద దిగేది కాదు.

ఆ వసంతంలో కొన్ని మేకలు నెలలు నిండకుండానే చచ్చిన పిల్లల్ని ఈనాయి. ఫిద్దా వాటిని ఒట్టి చేతులతో ఎత్తి పారేసింది. కొన్ని వారాలకు ఆమెకు సాయంత్రాలు జ్వరం రావడం మొదలైంది. తెల్లారేసరికి పరుపు చెమటతో తడిసిపోయేది, నడుము పట్టేసేది. ఎండదెబ్బ అనుకున్నారు. ఎండలు ముదిరేసరికి ఇంట్లోవాళ్లు జ్వరం సంగతే మరిచిపోయారు, ఎందుకంటే మనిషే మారిపోయింది.

ఒకరోజు తుర్ఫా టీ గ్లాసు అందిస్తే ఫిద్దా పుచ్చుకోలేదు.

"ముందు నువ్వు తాగు."

"ఏమే, చక్కెర తగ్గిందా, నా మీద నమ్మకం తగ్గిందా?" అని నవ్వింది తుర్ఫా.

"తాగమన్నానా!"

తుర్ఫా సగం తాగి చూపించింది. అయినా ఫిద్దాకు నమ్మకం కుదరలేదు. గ్లాసు అంచుకు ఏదో రాసే ఉంటుంది. గోడ అవతల తుర్ఫా, ఖలఫ్ గుసగుసలాడుకోవడం తనకు వినబడుతూనే ఉంది. తనను చంపి, తన ఐదేళ్ల కూతురు షమ్మాను లాక్కుంటారు.

జిన్ను, అంటే దయ్యం పట్టిందేమోనని ఖలఫ్ ఊరి షేక్‌ను పిలిపించాడు. ఆయన ఆమె తల దగ్గర కూర్చుని ఖురాన్ చదివి, లేస్తూ అన్నాడు: "జిన్ను సంగతేమో గానీ అబ్బాయీ, ఈమె ఒళ్లు కాలిపోతోంది. డాక్టరుకు చూపించు."

"చూపిస్తే పిచ్చిదన్న పేరు పడుతుంది షేక్," అన్నాడు ఖలఫ్. రేపు, మాపు అంటూ కాలం గడిపాడు.

అతను నీళ్ల ట్యాంకరు కోసం వెళ్లిన రోజున ఫిద్దా షమ్మా చెయ్యి పట్టుకుని రోడ్డు వైపు బయలుదేరింది. లారీ ఏదైనా ఆపి పుట్టింటికి పోవాలి. వెనక అడుగుల చప్పుడైంది. తుర్ఫా!

ఫిద్దా రాయి అందుకుంది. "ఇంకో అడుగు వేశావంటే తల పగలగొడతా!"

"వెయ్యనులే. నువ్వు నడువు. నీళ్లు ఇక్కడ పెడుతున్నా, పిల్లకు పట్టు." తుర్ఫా సీసా నేల మీద పెట్టి వెనక్కి జరిగింది.

"దాహం అమ్మా," అని ఏడ్చింది షమ్మా. ఫిద్దా సీసా మూత తీసి వాసన చూసింది, నీళ్లన్నీ రాళ్ల మీద ఒలకబోసింది. అది చూసి ఆగలేక తుర్ఫా ముందుకొచ్చింది. ఫిద్దా విసిరిన రాయి ఆమె కనుబొమ్మకు తగిలింది. రక్తం బొటబొటా కారింది. ఫిద్దా పిల్లను ఈడ్చుకుంటూ రోడ్డెక్కింది. సరిగ్గా నడిరోడ్డు మీద కూలబడిపోయింది. హారన్ చెవులు చిల్లులు పడేలా మోగింది. రక్తం కంట్లోకి కారుతుండగానే తుర్ఫా పరుగెత్తుకొచ్చి, ఒక చేత్తో పిల్లను, మరో చేత్తో ఫిద్దా బట్టలను పట్టి పక్కకు లాగింది. లారీ కీచుమంటూ ఆగింది. దాని డ్రైవరే వాళ్లను ఆసుపత్రిలో దించాడు.

డాక్టరమ్మ తుర్ఫా కనుబొమ్మకు కుట్లు వేస్తూ అడిగింది: "ఈమెకు జ్వరం ఎప్పటినుంచి? ఇంట్లో మేకలున్నాయా? పచ్చిపాలు తాగుతారా?"

"మేకలు లేకపోతే మేమెలా బతుకుతాం డాక్టరమ్మా?"

వెన్నులోంచి నీరు తీసి పరీక్షించారు. ఫలితం వచ్చాక డాక్టరమ్మ ఖలఫ్‌ను కూర్చోబెట్టింది. "ఇది పశువుల నుంచి సోకిన సూక్ష్మజీవి. బ్రూసెల్లా అంటారు. మెదడు పొరల దాకా పాకింది. అందరికీ ఇలా కాదు, చాలామందికి జ్వరంతోనే పోతుంది. ఈమె మనసును కూడా తాకింది."

"అంటే పిచ్చి కాదా?"

"ఆ మాట వదిలెయ్యండి. జబ్బు. మందులు నెలల తరబడి వాడాలి. మధ్యలో ఆపితే తిరగబెడుతుంది."

జ్వరం త్వరగానే దిగింది. అనుమానం మాత్రం అంత సులువుగా వదల్లేదు. సూది పట్టుకొచ్చిన నర్సుల మీద ఫిద్దా చాలాసార్లు కలబడింది. చివరికి ఇంటికొచ్చిన కొన్నాళ్లకు, గోడకు చెవి ఆనించి వింటే, అవతల మేకల అరుపులే తప్ప గుసగుసలేవీ లేవు. అప్పుడు అసలు బాధ మొదలైంది. చేసినవన్నీ ఆమెకు గుర్తున్నాయి.

"అక్కా, ఆ మచ్చ నేను చేసిందే కదా?"

"మరి ఎవరు, లారీవాడా? గురి మాత్రం అదిరింది. తోడేలు వచ్చినప్పుడు ఒక్కటైనా ఇలా తగిలిందా?"

ఫిద్దాకు నవ్వు రాలేదు. తుర్ఫా ఒళ్లో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. తుర్ఫా ఊరుకోమనలేదు.

పశువుల డాక్టరు రోగం ఉన్న మేకలను తోలుకుపోయాడు. కాచిన పాల జున్ను రుచి లేదని ఖలఫ్ సణుగుతూనే తింటున్నాడు. షమ్మా మాత్రం తుర్ఫా పక్కనే పడుకునేది, తల్లి చెయ్యి చాపితే వెనక్కి తగ్గేది. ఫిద్దా బలవంతపెట్టలేదు. చలి మొదలయ్యాక ఒకరోజు పిల్ల దువ్వెన తెచ్చి తల్లి ముందు కూర్చుంది, ఒక చేత్తో తుర్ఫా కొంగు గట్టిగా పట్టుకునే. ఫిద్దా చిక్కులు ఒక్కొక్కటే మెల్లగా విప్పసాగింది.