నల్లాకు ఊటీ పువ్వు... మా అమ్మ పగ

మా చిన్నప్పుడు... ఏలూరులో, ఈస్టరు పొద్దున, చర్చి గుడిలో బల్ల మీద మా అమ్మ పెట్టిన తామరపూలను రాహేలమ్మగారు రెండు వేళ్ళతో ఎత్తి నా చేతిలో పెట్టారు.

"ఈ బురదపూలు బయట మెట్ల మీద పెట్టిరా అమ్మాయ్. కొల్లేటి కంపు లోపలికెందుకు?" అన్నారు.

స్వరాజ్యం రావడానికి పదేళ్ళకి పైగా ముందు మాట. అయినా ఆ మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది...

ఆ పూలు మా మావయ్య పడవలో వెళ్ళి కోసి, తడిగుడ్డలో చుట్టి తెచ్చినవి. అమ్మ పుట్టిల్లు కొల్లేటి లంక. రాహేలమ్మగారేమో నాన్న పంతులుగా పనిచేసే బడి హెడ్మాష్టరు గారి భార్య. ఇల్లు మా పక్కనే, మధ్యలో నడుమెత్తు గోడ. నాన్న ఉద్యోగం ఆ ఇంటివాళ్ళ చేతిలో ఉంది కాబట్టి అమ్మ పల్లెత్తు మాట అనలేదు.

ఇంటికొచ్చాక బియ్యం కడుగుతూ నాతో అంది. "నేను పెంచిన పువ్వు ఆ బల్ల మీద ఉండాలే. ఆవిడ దాన్ని కళ్ళారా చూడాలి."

ఆ వేసవికి మిషన్ బంగళా దొరసానిగారు ఊటీ నుంచి రెండు మొక్కలు తెచ్చారు. హైడ్రాంజియా అంటారని మా మునిమనవరాలు ఇప్పుడు ఫోన్లో చూపిస్తోంది... మాకప్పుడు ఊటీ పువ్వు, అంతే. గుత్తులు గుత్తులుగా పూస్తుందట. గుడికి పూలు ఉంటాయని ఒకటి రాహేలమ్మగారికి, ఒకటి అమ్మకి ఇస్తానన్నారు.

ముందు కోరుకున్నది ఎవరో చెప్పక్కర్లేదు కదా... ఒక మొక్క లేతపచ్చగా, నిగనిగలాడుతూ ఏపుగా ఉంది. రెండోది పొట్టిది, ఆకులు వంకాయ రంగులో ఇంచుమించు నల్లగా ఉన్నాయి. రాహేలమ్మగారు పచ్చదాన్ని దగ్గరికి లాక్కుని, "ఆ నల్లాకుది నువ్వు తీసుకో, మీ రంగే" అని నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. నల్లదాని కాడ గట్టిగా ఉందనీ, పచ్చదాని కాడ లేతదనీ అమ్మ అప్పటికే నొక్కి చూసేసింది.

మొక్కని బావి వెనక, పొద్దుటెండ తప్ప ఇంకే ఎండా తగలని మూల నాటింది. మావయ్య గంపతో కొల్లేటి ఒండ్రు మోసుకొచ్చాడు. ఆవిడ కంపు అన్నదే మా మొక్కకి బలమైంది. ఎండ మండితే అమ్మ గోనెపట్టా తడిపి నీడ కట్టేది. నాకు జ్వరమొచ్చినప్పుడు కూడా నన్నంతగా చూసుకోలేదు...

క్రిస్మస్ వెళ్ళాక మల్లెపొదకి ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తాం కదా... అలా చేస్తేనే వేసవిలో విరగబూస్తుంది. గోడకి అటు ఆవిడా, ఇటు అమ్మా ఊటీ మొక్కకీ అదే చేశారు. రెండూ గుబురుగా చిగిర్చాయి. ఒక్కదానికీ మొగ్గ లేదు.

మరుసటేడూ కత్తిరించారు. కాకపోతే మా మొక్కది ఒక కొమ్మ బట్టలుతికే బండ వెనక్కి వంగి కత్తెరకి దొరకలేదు. ఆ ఒక్క కొమ్మకి... పిడికిలంత గుత్తి వచ్చింది. నల్లటి ఆకుల మధ్య గులాబీ రంగు.

అమ్మ ఆ కొమ్మని పట్టుకుని చాలాసేపు చూసింది. మల్లె కొత్త చిగురుకి పూస్తుంది. ఇది పాత కొమ్మకే పూస్తుంది. ఇన్నాళ్ళూ మేము కత్తిరించి పారేసింది పువ్వునే అన్నమాట.

"గోడవతల నోరు జారావంటే వీపు చీరేస్తాను" అంది. జారతానా... ఆ రోజు మెట్ల మీద పూలు పెట్టొచ్చింది నేనే కదా.

ఆ చలికాలం అమ్మ కత్తెర ముట్టలేదు. ఈస్టరుకి బల్ల నిండా మా పూలే. దొరసానిగారు అమ్మ చెయ్యి పట్టుకుని మెచ్చుకుంటుంటే రాహేలమ్మగారి మొహం మాడిపోయింది. నా కడుపు చల్లబడింది.

సాయంత్రం ఆవిడే గోడ దగ్గరికి వచ్చారు. "దానికేం చేస్తున్నావమ్మా? మాది ఆకులే గానీ మొగ్గ లేదు."

"ఏమీ లేదండీ అమ్మగారూ. మల్లెకి చేసినట్టేనండి. కాకపోతే ఇంకాస్త కిందకంటా కొట్టాలండి."

అప్పట్నుంచి ఏటా క్రిస్మస్ వెళ్ళగానే గోడవతల కత్తెర చప్పుడు... అమ్మా నేనూ బియ్యంలో రాళ్ళేరుకుంటూ వినేవాళ్ళం. పండక్కి మాత్రం మా పూలే బల్లెక్కేవి. శత్రువుని క్షమించమని పాస్టరు అయ్యగారు ప్రసంగం చెబుతుంటే, ఆయన పక్కనే మా నల్లాకు పువ్వు ఉండేది.

కొన్నేళ్ళకి ఓ ఎండాకాలం రాహేలమ్మగారు జ్వరంతో పోయారు. అమ్మ మొక్కకున్న గుత్తులన్నీ కోసేసింది. మధ్యలో మావయ్య తెచ్చిన తామరపూలు పెట్టి కట్టి, అందరూ చూస్తుండగా శవపెట్టె మీద ఉంచింది. ఎంత మంచి మనసమ్మా అన్నారు చూసినవాళ్ళు. తిరిగొస్తుంటే అమ్మ నెమ్మదిగా నాతో అంది...

"ఈసారి తీసి మెట్ల మీద పెట్టించలేదు."

ఆ చలికాలం పక్కింట్లో కత్తెర పట్టేవాళ్ళు లేరు. ఈస్టరుకి ఆ పచ్చాకు మొక్క గోడ దాటి వంగేలా పూసింది. అమ్మ బిందె చంకన పెట్టుకుని కాసేపు చూసి లోపలికి వెళ్ళిపోయింది. నేనూ ఒక్క పువ్వు కొయ్యలేదు.

ఇప్పుడు కడియం నర్సరీల నుంచి కుండీతో సహా, పూసిన పువ్వుతో సహా ఇంటికి తెచ్చిస్తున్నారు. ఎప్పుడు కత్తిరించాలో ఫోనే చెప్పేస్తోంది. పక్కింటివాళ్ళకి చెప్పకుండా దాచుకోవడానికి ఇక ఏం మిగిలింది...

మీ అమ్మలూ అమ్మమ్మలూ పూలతోనో పచ్చళ్ళతోనో తీర్చుకున్న పగలుంటే రాయండి. నాకు ఆ కత్తెర చప్పుడు మళ్ళీ వినాలనుంది.