మచ్చల మాస్టారు

పులిపిర్లు, మశూచి గుంటలు, నుదుటి ముడతలు, పంటి సందులు. ఫొటోల్లో వీటిని సన్నని కుంచెతో మాయం చేయడమే ఆయన బతుకంతా చేసిన పని. స్టూడియోలో ఫొటో తీసేది యజమాని, మనిషికి అందం తెచ్చేది ఈయన. అందుకే ఊరు ఆయనకు మచ్చల మాస్టారని పేరు పెట్టింది. ఎవరైనా మొహం మీదే అలా పిలిస్తే చిటపటలాడేవాడు గానీ లోలోపల మురిసిపోయేవాడు. మురవడా మరి! ఆయన చేయి పడ్డాక మచ్చుకైనా మచ్చ మిగిలేది కాదు.

స్టూడియో మూతపడ్డాక ఆ ఫొటోలన్నీ గ్రంథాలయానికి చేరాయి. మూడు తరాల ఊరి ముఖాలవి. మొన్నటి వరదకు ఆ గదిలోకి నడుము లోతు నీళ్లొచ్చాయి. నీళ్లు తీశాక చూస్తే ఫొటోలు బురదతో ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. గ్రంథాలయం చూసుకునే ఆవిడ మాస్టారికి కబురు పెట్టింది.

"తడి ఆరితే ఇక విడిపోవు మాస్టారూ. మంచినీళ్లలో ఉంచి, విడదీసి, కడగాలి. కాకపోతే..." అని నసిగింది.

"కాకపోతే నా రంగు పోతుంది. అంతేగా?"

నీటిరంగు సంగతి ఆయనకు ఒకరు చెప్పాలా! కడగకపోతే ఫొటోలన్నీ బూజు పాలవుతాయి. కడిగితే ఫొటోలు దక్కుతాయి, ఆయన పనితనం మాత్రం తూములో కలుస్తుంది. వరద మీద అలిగి ఏం లాభం? మాస్టారు కాసేపు అటూ ఇటూ తిరిగి, చొక్కా చేతులు మడిచి తొట్టి ముందు కూర్చున్నాడు.

సంత పెద్దమనిషి ముక్కు మీద పులిపిరి తిరిగొచ్చింది. బడి పంతులమ్మ నుదుటి మీద గాటు తేలింది. "వచ్చావా తల్లీ, రా రా" అంటూ ఒక్కో మచ్చనూ పలకరిస్తూ కడిగాడు.

ఆ వరసలోనే అక్క ఫొటో చేతికొచ్చింది. చిన్నప్పుడు వేడినీళ్లు ఒలికి అక్క చెంప కాలింది. పనిలో చేరిన కొత్తలో ఆ చెంపను నున్నగా దిద్ది, ఆమెకు కానుకగా ఇచ్చాడు. "స్టూడియోలోనే ఉంచరా, నలుగురూ చూస్తారు" అందామె. తన పనికి అంతకన్నా మెప్పేముందని తమ్ముడు పొంగిపోయాడు. ఇప్పుడు ఆ నునుపంతా వేళ్ల కింద కరిగిపోతుంటే ఆయనకు ఏడుపొచ్చింది.

మర్నాడు అక్క రానే వచ్చింది. తాళ్లకు ఆరేసిన ఫొటోల మధ్య తనది వెతుక్కుంటుంటే మాస్టారు అడ్డం నిలబడ్డాడు.

"చూడకక్కా, పాడైపోయింది."

"జరగరా!"

ఆయన్ని పక్కకు నెట్టి, కళ్లజోడు సర్దుకుని, చాలాసేపు చూసింది.

"పాడైందంటావేంట్రా? ఇది నేనే కదా! ఇన్నాళ్లూ అందులో ఉన్న పిల్లెవరో తెలియకే ఇంట్లో పెట్టుకోలేదు."

మాస్టారు తల వంచుకున్నాడు. ఆమె చెయ్యి తమ్ముడి భుజం మీద పడింది.

"నాకు దీని నకలొకటి తీయించి ఇవ్వు. కుంచె మాత్రం ముట్టుకోకు."