పురుగుకు ఆఖరి కుర్చీ

మా తాత రఘుపతి దాహమేస్తే నీళ్లు అడగడు. ముందు ఆ బావి తవ్వించిన వాళ్లను తలుచుకుంటాడు, తవ్విన వాళ్లను పొగుడుతాడు, మోకు పేనినవాడికి కృతజ్ఞత చెబుతాడు. ఈలోగా అవ్వ చెంబు తెచ్చి పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోతుంది. ఇట్లాంటి మనిషి చేతికి నల్గొండ వ్యవసాయాఫీసు వాళ్లు ఒక సాయంత్రానికి స్లైడ్ ప్రొజెక్టర్ ఇస్తామన్నారు.

అది ఎనభైల చివరి మాట. తాత గ్రామసేవకుడు. సైకిల్ మీద ఊళ్లు తిరుగుతూ ఏ పంటకు ఏం చేయాలో రైతులకు చెప్పడం ఆయన ఉద్యోగం. చెప్పడంలో లోటు లేదు. వినేవాళ్లకే ఓపిక చాలేది కాదు.

ఆ ఎర్ర నేలల్లో ఆముదమే దిక్కు. ఆముదానికి శత్రువు ఎర్ర గొంగళి పురుగు. తొలకరి పడగానే భూమిలోంచి రెక్కల పురుగులు లేచి గుడ్లు పెడతాయి, వాటి పిల్లలు మొలకలను మొదలంటా నమిలేస్తాయి. అయితే వెలుగు కనిపిస్తే ఆ రెక్కల పురుగులు ఆగలేవు. వాన పడ్డాక సాయంత్రాలు ఊరంతా ఒక్కసారే చేలల్లో మంటలు వేస్తే వచ్చి పడి చస్తాయి. ఒక్కరే వేస్తే మాత్రం ఊళ్లో పురుగంతా ఆ ఒక్కరి చేను వెతుక్కుంటూ వస్తుంది.

కిందటేడు ఆ ఒక్కరు మా అవ్వ హనుమమ్మ. తాత మాట నమ్మి మంట వేసిన మనిషి ఊరు మొత్తం మీద ఆమె ఒక్కతే. అందరి చేలకంటే ముందు ఆమె చేనే మోళ్లయింది. ఆ తర్వాత ఆమె అరవలేదు, ఏడవలేదు. ప్రొజెక్టర్ సంగతి విన్న రోజు మటుకు కంచం ముందు పెట్టి చెప్పింది. "ఈయేడన్న ఊరంత మంటలు వేసేటట్టు చెయ్యి. లేకుంటే ఇత్తనమెయ్యక చేను పడావు పెట్టి మా తమ్మునింటికి పోత. నువ్వు గా మైకు పట్టుకొని గీడనే ఉండు."

తాత ఆ మాటకు బెదిరిపోయాడు. బెదిరినవాడు క్లుప్తంగా ఆలోచిస్తాడనుకుంటాం. ఆయన ఇంకా విస్తారంగా ఆలోచించాడు. తెర మీద ఏ బొమ్మ తర్వాత ఏ బొమ్మ చూపాలో, పెండ్లి పత్రిక ఎట్లా వేస్తారో అట్లా వేశాడు పథకం. ముందు దేవుడు, తర్వాత ఆఫీసర్లు, ఆ తర్వాత ఊరి పెద్దలు, వాళ్ల వరసలో ఎవరూ అలగకుండా మిగతావాళ్లు. పత్రికలో పెండ్లికొడుకు పేరు ఎక్కడుందో వెతుక్కోవాలి కదా, ఇందులో పురుగు కూడా అంతే. ఒక్క పెద్దమనిషి మొహం వదిలేస్తే ఆయన మనుషులంతా మంట వేయరని తాత లెక్క. తనంత లోకజ్ఞానం ఎవరికుందని మీసం కూడా దువ్వుకున్నాడు.

నల్గొండలో ఫోటో స్టూడియో నడిపే గులాం నబీ కెమెరా వేసుకుని వచ్చాడు. సర్పంచ్ లింగయ్య నల్ల కళ్లద్దాలు పెట్టుకుని ఫోటో దిగాడు. పాత సర్పంచ్ జంగయ్య తన కోడెలతో సహా దిగుతానన్నాడు. మందుల దుకాణం వాళ్లు, పాల కేంద్రం వాళ్లు, చావడి అరుగు మీద తప్ప మరెక్కడా కనిపించని వాళ్లు కూడా తలకు నూనె రాసుకుని వచ్చారు. మధ్యమధ్యలో తాత శాఖవారి కరపత్రాన్ని మొత్తంగా, ఒక్క ముక్క పోకుండా ఒకే బొమ్మలో పట్టించమన్నాడు. అక్షరాలు చీమల బారులా వచ్చాయి.

నబీ రీలు చూసుకుని నవ్వాడు. "సాబ్, అందరు కూసున్నరు. పురుగుకు కుర్సీ యాడేస్తరు?"

"ఆఖరుకు ఏద్దాం నబీ భాయ్. అదేమన్న అలుగుతదా?"

ఆఖరుకు రీలులో ఒక్క బొమ్మకే చోటు మిగిలింది. ఎండాకాలంలో బతికున్న పురుగు దొరకదు కనుక ఆఫీసు గోడమీది పటానికే ఫోటో తీశారు. అది కడిగించి తెచ్చేసరికి ఎవరిదో గడ్డంలా ఉంది. మంటల బొమ్మ అసలే లేదు. తాతకు అది తట్టనే లేదు.

తొలకరి పడ్డ మర్నాడు, పొద్దు గూకుతుండగా బడి ముందర ప్రదర్శన పెట్టారు. అవ్వ పెట్టెలోంచి తెల్ల దుప్పటి తీసి ఇచ్చింది. దాన్నే తెరగా కట్టారు. ఊరంతా వచ్చింది, తమ మొహాలు చూసుకోవడానికి.

దేవుడికి అందరూ దండం పెట్టారు. ఆఫీసర్లకు ఆవలించారు. లింగయ్య మొహం తెర నిండా రాగానే ఈలలు పడ్డాయి. తాత ప్రతి మొహానికీ ఒక చిన్న ఉపన్యాసం జతచేశాడు. జంగయ్య వంతు వచ్చేసరికి కోడెలు నిండుగా ఉన్నాయి, జంగయ్య సగమే ఉన్నాడు. ఆయన లేచి నిలబడ్డాడు. "లింగయ్యకు నిండు మొకమా, నాకు సగమా? నడువుండ్రిరా" అని తనవాళ్లను వెంటేసుకుని వెళ్లిపోయాడు. అలగకూడదని చేసిన పని అంతా అలకకే వచ్చింది. చీకట్లో అవ్వ ఎక్కడ కూర్చుందో చూడటానికి కూడా తాతకు ధైర్యం చాల్లేదు.

అప్పుడే మొదలైంది. ముందు తెర మీద లింగయ్య వర్గంలో ఎవరిదో ముక్కు మీద ఒక రెక్కల పురుగు వాలింది. తర్వాత నుదుటి మీద. చూస్తుండగానే దుప్పటి పట్టనన్ని వచ్చి పడ్డాయి. పెద్దమనుషుల మొహాలు కదులుతున్న రెక్కల కింద మాయమయ్యాయి. తాత తువ్వాలుతో కొట్టాడు, ఊదాడు, బొమ్మ మార్చాడు. ప్రొజెక్టర్ పాడైతే ఆఫీసుకు ఏం జవాబు చెప్పాలోనని దీపం ఆర్పబోయాడు.

అవ్వ వచ్చి ఆయన చేయి పట్టుకుంది. "ఉండనియ్యి. ఇంతసేపటికి పనికొచ్చే బొమ్మ వచ్చింది."

తర్వాత జనం వైపు తిరిగింది. "నిన్నటిదాంక గివి మన మట్టిల ఉన్నయి. రేపు గుడ్లు పెడ్తయి. పోయినేడు నా ఒక్కదాని మంటకు మీ అందరి పురుగు నా చేన్లకే వచ్చె. గిప్పుడు చూడుండ్రి."

బడి వెనక ఎండిన కంది కట్టె తెచ్చి కుప్ప వేసి అంటించింది. మంట లేచాక దీపం ఆర్పమంది. తెర మీది పురుగులు ఒక్కసారి చెదిరి మంట వైపు తిరిగాయి. చిటపటలు వినిపించాయి. అవ్వ పక్క చేను సోమమ్మ మొదట ఒక కొరివి తీసుకుని నడిచింది, వెనక మిగతావాళ్లు.

జంగయ్య ఇంటి అరుగు మీద నుంచి చూస్తే చేలల్లో మంటలే. లింగయ్య చేనులో అన్నింటికంటే పెద్దది. అది జంగయ్య ఓర్చుకోగలడా? ఆ క్షణమే కోడెల బండి కట్టించి, కంప తోలించి, ఇంకా పెద్ద మంట వేయించాడు. పురుగుకు వర్గాలు లేవు, రెండింటిలోనూ పడింది.

ఆ ఏడు అవ్వ తమ్ముడి ఇంటికి పోలేదు. ఆముదం గెలలు వంగాయి. దుప్పటి మీద మరకలు మాత్రం ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు.

తాత వినయంగా ఉండిపోయాడని ఎవరైనా అనుకుంటే పొరపాటు. తన వరస బాగుండబట్టే ఊరు కదిలిందని ఇప్పటికీ ఆయన నమ్మకం. స్లైడ్లను బిస్కెట్ల డబ్బాలో దాచాడు. ఇంటికి చుట్టం వస్తే చాలు, వాకిట్లో ఎండకు ఒక్కొక్కటీ పట్టి దేవుడి నుంచి మొదలుపెడతాడు. అవ్వ చేటలో ఆముదాలు చెరుగుతూ చుట్టం మీద జాలిపడి అంటుంది: "అయ్యా, నువ్వు ఛాయ్ తాగి పో. పురుగు దాంక ఎవ్వలు కూసోలే."