అక్క తెచ్చిన రివాల్వర్

మా అక్క మీద నాకు అసూయ. ఏదో చిన్నతనపు సంగతి అని చెప్పి తప్పించుకోను, ఇప్పటికీ ఉంది. ఒకే కడుపున పుట్టాం, ఒకే బడిలో చదివాం, మార్కులు నాకే ఎక్కువ వచ్చేవి. ఆవిడకి సినిమా నిర్మాత మొగుడు, జూబ్లీ హిల్స్‌లో బండరాళ్ళు పగలగొట్టించి కట్టిన ఇల్లు. నాకు కలెక్టరాఫీసు గుమాస్తా, వెంగళరావు నగర్‌లో రెండు గదులు.

కారు పంపిస్తాను రావే అనేది. ఆ కారు మా వీధిలోకి వస్తే ఇరుగుపొరుగు గుమ్మాల్లోకి వచ్చి చూసేవాళ్ళు. ఎక్కేటప్పుడు గొప్పగా ఉండేది, దిగేటప్పుడు ఒళ్ళు మండేది. వెళ్ళిన ప్రతిసారీ రెండు పట్టుచీరలు చేతిలో పెట్టి, ఒకటి రెండుసార్లే కట్టానే అనేది. అవి నేను కట్టుకునేదాన్ని కాదు. అలాగని ఎవరికీ ఇచ్చేదాన్నీ కాదు. ప్రివ్యూ షోలకి పిలిచేది కూడా. తను ముందు వరసలో హీరోయిన్ పక్కన, నేను వెనక ఎవరెవరి పక్కనో. సినిమా అంతసేపూ అక్క మెడలో హారమే చూస్తూ కూర్చునేదాన్ని.

తొంభైల మొదట్లో బావగారికి మనసు చెదిరింది. ముందు నిద్ర పట్టడం మానేసింది. తర్వాత డ్రైవరు తనని ఎక్కడికో తీసుకుపోయి చంపేస్తాడన్నారు. వంటమనిషి విషం కలుపుతోందన్నారు. డాక్టరు మందులు రాసి, కొన్నాళ్ళు ఆస్పత్రిలో ఉంచమన్నాడు. అక్క ససేమిరా అంది. సినిమా విడుదలకి సిద్ధంగా ఉంది, నిర్మాతకి పిచ్చెక్కిందని తెలిస్తే కొన్నవాళ్ళు వెనక్కి పోతారని దాని భయం. ఎవరడిగినా లొకేషన్లు చూడ్డానికి వెళ్ళారని చెప్పేది. ఎర్రగడ్డ పిచ్చాసుపత్రి మా ఇంటినుంచి నడిచి వెళ్ళేంత దూరం, ఆ పేరు కూడా నా దగ్గర పలికేది కాదు. నాకు మాత్రం, నిజం చెప్పొద్దూ, లోపల ఎక్కడో చల్లగా ఉండేది.

బావగారి దగ్గర లైసెన్సున్న రివాల్వర్ ఒకటుండేది, హోదా కోసం తీసుకున్నది. ఒక సాయంత్రం కిటికీ తెర వెనక ఎవరో నక్కి ఉన్నారని తెర మీదికి కాల్చారు. అక్క ఆ తెర పక్కనుంచి లోపలికి వెళ్ళి అరనిమిషం కాలేదట. ఇంకెక్కడైనా అయితే జనం పోగయ్యేవారు. ఫిల్మ్ నగర్ పక్కన తుపాకీ మోగితే ఎవరికి పట్టింది? ఫైటు సీనుకి ఉత్తుత్తి తూటాలు పరీక్షిస్తున్నామని అక్క వాచ్‌మన్ చేత చెప్పించింది. పక్కింటాయన సినిమా ఎప్పుడు విడుదలని అడిగాడట.

మర్నాడు అక్క కారులో కాదు, ఆటోలో వచ్చింది. తువ్వాలులో చుట్టిన రివాల్వర్‌ని తన చేతులతోనే నా బియ్యం డబ్బాలో పాతిపెట్టింది. సినిమాలకి సామాన్లు అద్దెకిచ్చేవాడి దగ్గర అచ్చం అలాంటి డమ్మీ తెచ్చి వాళ్ళ బీరువాలో పెట్టిందట. విడుదల అయ్యేదాకా దాచవే తల్లీ అని నా రెండు చేతులూ పట్టుకుంది. నాకు బుద్ధి తెలిశాక అక్క నన్ను బతిమాలడం అదే మొదలు. ఆ మూడు రోజులూ బియ్యం తీసినప్పుడల్లా తువ్వాలు చేతికి తగిలేది, నాకు గర్వంగా ఉండేది. ఎంత సిగ్గుమాలినదాన్నో చూడండి.

పాతికేళ్ళు సినిమాలు తీసిన మనిషికి డమ్మీ బరువూ అసలు బరువూ తెలియవనుకోవడం మా అక్క తెలివి. పట్టుకోగానే ఆయనకి తెలిసిపోయింది. అందరూ కలిసి కుట్ర చేస్తున్నారన్న ఆయన మాట కాస్తా నిజమై కూర్చుంది. అన్నం మానేశారు, మందులు మానేశారు. నాలుగో రోజు పొద్దున్నే పక్కింటివాళ్ళ ఫోనుకి అక్క చేసింది.

"తెచ్చిచ్చెయ్యవే. రెండు రోజులనుంచి ముద్ద ముట్టలేదు. తూటాలు తీసేసే ఇద్దాం."

మిగతా తూటాలు ఆయన ఎక్కడ దాచుకున్నారో నీకేం తెలుసని అడిగాను. ఏడుస్తూ ఫోను పెట్టేసింది.

అప్పటికి గాని మా ఆయనకి చెప్పలేదు. ఆయన మొహం పాలిపోయింది. లైసెన్సు లేనివాళ్ళ ఇంట్లో తుపాకీ ఉండడమే నేరమన్నారు. మతి స్థిమితం లేనివాళ్ళకి లైసెన్సు ఉండకూడదు, పోలీసులకి రాసిస్తే రద్దు చేస్తారు, అదొక్కటే దారి అన్నారు.

సంచీలో పెట్టుకుని రోడ్డు మీదికి వచ్చాను. ఆటో ఎక్కితే జూబ్లీ హిల్స్, నడిస్తే పోలీస్ స్టేషన్. ఆ క్షణంలో అక్క ప్రాణం, బావగారి ప్రాణం తప్ప నాకింకేమీ తోచలేదని చెప్పుకోవాలని ఉంది. అవీ తోచాయి. కానీ నేను రాసిచ్చానంటే ఊరందరికీ తెలుస్తుందని, ఆ సినిమా ఆగుతుందని, ఆ కారు ఇక మా వీధిలోకి రాదని కూడా తోచింది. నడిచే వెళ్ళాను.

ఇన్‌స్పెక్టర్ సంచీలోకి చూసి, లైసెన్స్ ఒకరి పేర్న, తుపాకి ఇంకొకరి ఇంట్ల, ముందు మిమ్మల్నే లోపలెయ్యాలె అమ్మా అన్నాడు. తర్వాత తెల్లకాగితం ఇటు తోశాడు.

"ఆయనకు మతి సక్కగ లేదని రాయుండ్రి. మీరు ఆయనకేమైతరో గది గూడ రాయుండ్రి."

భార్యకి సొంత చెల్లెలిని అని రాశాను. కింద సంతకం పెట్టాను.

ఆ మధ్యాహ్నమే పోలీసులు ఆ ఇంటికి వెళ్ళారు. దిండు గలీబులో ఆరు తూటాలు దొరికాయి. బావగారిని ఆస్పత్రిలో చేర్చారు, తర్వాత డాక్టరు కాగితం కూడా చూసి లైసెన్సు రద్దు చేశారు. సంగతి ఫిల్మ్ నగర్ అంతా పాకింది. నేను అనుకున్నట్టే సినిమా ఆగిపోయింది, దాని మీద అప్పులిచ్చినవాళ్ళు ఇంటి మీదికీ కారు మీదికీ వచ్చారు.

వారం తర్వాత ఆస్పత్రికి వెళ్ళాను. బావగారు మంచం మీద కూర్చుని ఉన్నారు. అక్క స్టూలు మీద కూర్చుని గిన్నెలో పెరుగన్నం కలుపుతోంది. మెడలో ఒంటి పసుపుతాడు. నన్ను చూసి కూడా కలపడం ఆపలేదు.

"నీకు సంతోషంగా ఉంది కదూ?" అంది.

"ఉందే," అన్నాను. దాని ముందు అబద్ధమాడడానికి నోరు రాలేదు.

అక్క ముద్ద చేసి ఆయన నోటి దగ్గర పెట్టింది. లోకమంతా తనకి విషం పెడుతోందని నమ్మిన మనిషి, మందుల మత్తులో తూలుతూనే ఆవిడ మణికట్టు పట్టుకుని ఆపారు. నువ్వు తిన్నావా అని అడిగారు. తిన్నానంది. ఆయన నోరు తెరిచారు.

ఇల్లూ, కారూ, పేరూ అన్నీ నా సంతకంతో పోయాయి. నేను ఆ గుమ్మంలో నిలబడి మళ్ళీ కుళ్ళుకున్నాను.