కొరియా సారు వంతు

పొద్దున మేడమీది వాటా ఊడ్పిద్దామని మెట్లెక్కుతూ సగంలోనే కూలబడ్డాను. ఈ మధ్య మోకాళ్ళు నా మాట వినడం మానేశాయి. అద్దెకున్నవాళ్ళు మారినప్పుడల్లా ఈ సున్నాలూ చీపుళ్ళూ బేరాలూ ఎవరి కోసమో అనిపిస్తుంది. అలా మెట్టు మీద ఆయాసపడుతుండగా కింద వీధిలో పిల్లలు వరసగా నిలబడి గెంతుతూ "హనా, దుల్, సెత్, నెత్" అని లెక్కపెట్టడం వినిపించింది. అవి కొరియా అంకెలు. ఈ పిల్లల్లో ఒక్కరూ ఆయన్ని చూసి ఎరగరు. అన్నల దగ్గర నేర్చుకుని ఉంటారు.

ఆయనంటే ఒకప్పుడు ఈ మేడమీది వాటాలో అద్దెకున్న కొరియా ఆయన. మా వైపు ఫ్యాక్టరీ పెట్టిన కొరియావాళ్ళు, చుట్టుపక్కల కుప్పాల్లో, అంటే సరస్సు ఒడ్డు పల్లెల్లో, చేపలు పట్టేవాళ్ళ పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పమని ఆయన్ని పిలిపించారు. వాళ్ళ దేశంలో పెద్ద జట్టులో ఆడినవాడని ఊరంతా పాకింది. నేను రిటైరైన ఇంగ్లీషు టీచర్ని కనుక ఆయనకూ ఊరికీ మధ్య మాటలు మోసే పని నా నెత్తిన పడింది. ఆయన ఇంగ్లీషు నాకు అర్థమయ్యేది కాదు, నాది ఆయనకు అసలే అర్థమయ్యేది కాదు. చివరికి ఆయనే పిల్లల దగ్గర తెలుగు పట్టేశాడు. వాళ్ళ భాషలో తల్లిని "ఒమ్మా" అంటారట, అందుకని నన్ను "అమ్మా" అనడానికి పెద్దగా కష్టపడలేదు. ఎండుచేపల కూర పొయ్యి మీదుంటే చాలు, మెట్ల మీదినుంచే "ఏందమ్మా వాసన?" అంటూ దిగేవాడు. వాళ్ళ క్యాబేజీ పచ్చడి నాకూ పెట్టేవాడు. మన ఆవకాయ ముందు అదెంత అని నేనంటే మాత్రం మూతి ముడుచుకునేవాడు.

పెద్ద జట్టు సంగతి ఒక సాయంత్రం మోకాలికి కాపడం పెట్టుకుంటూ ఆయనే చెప్పాడు. ఆడింది తక్కువ, గీత బయట బల్ల మీద కూర్చున్నదే ఎక్కువట. "రోజూ బూట్లు కట్టుకుంటినమ్మా. రోజూ విప్పేస్తిని," అన్నాడు. చివరికి ఆటలోకి పిలుపు వచ్చిన ఏడాదే మోకాలు పోయింది. తరువాత పిల్లలకు ఆట నేర్పుతూ ఊరూరూ తిరిగి మా పులికాట్ ఒడ్డుకు చేరాడు. ఈ వయసులో, ఈ మోకాలితో, తనను ఇంకెవరూ పిలవరని ఆయనకు తెలుసు.

ఎండాకాలం సరస్సు ఎండినచోట సరుగుడు కొయ్యలు పాతి గోల్ పెట్టారు. ఆట మొదలవకముందే కుప్పం పెద్దాయన ఒక మెలిక పెట్టాడు. సరస్సులో రొయ్యలు బాగా పడే చోట్లు ఏ ఒక్కరి సొంతమూ కావు, ఇంటింటికీ వంతు ఉంటుంది. పిల్లల ఆటకీ అదే పద్ధతి అన్నాడు. "బాగా ఆడేవోడే రోజూ ఆడితే మిగతా పిల్లకాయలు ఒడ్డున కూర్చోని ఏం చేస్తారు సారూ?" నేను దాన్ని ఇంగ్లీషులోకి తిప్పుతూ, ఈయనకు కోపం వస్తుందనే అనుకున్నాను. ఆయన తలూపి, పిల్లల పేర్లు వంతులవారీగా రాసుకున్నాడు. ఆ వంతులతోనే, కిందా మీదా పడి, మా పిల్లలు జిల్లా పోటీల్లో ఫైనల్ దాకా వెళ్ళారు.

సరిగ్గా అప్పుడే ఫ్యాక్టరీ నుంచి కబురు వచ్చింది. కప్పు తెస్తే శిక్షణ సాగుతుంది, లేకపోతే ఇంతటితో సరి. ఫైనల్ రోజు గోల్ కాచే వంతేమో పెద్దాయన మనవడిది. వాడొట్టి బెదురుగొడ్డు, బంతి వస్తే కళ్ళు మూసుకునేవాడు. ముందురోజు సాయంత్రం పెద్దాయనే మా అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు.

"ఈ ఒక్క దినం వంతు పక్కన పెట్టు సారూ. వాడు నా మనవడే, నేనే చెప్తా ఉండా. గెలిస్తే నువ్వు ఈడనే ఉంటావు."

నేనూ బతిమాలాను. ఆయన్ని పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. ఆయన పెద్దాయన చెయ్యి పట్టుకుని, "వద్దు పెద్దాయనా. వాడు నిన్నటినించి బూట్లు విప్పలేదు," అన్నాడు.

మర్నాడు ఆ పిల్లవాడు ఒక్క బంతి ఆపాడు, అదీ కళ్ళు తెరుచుకునే. మిగిలినవి ఆపలేకపోయాడు. ఓడిపోయారు. నాకు ఏడుపూ వచ్చింది, ఆయన మీద కోపమూ వచ్చింది. వాటా తాళంచెవి నా చేతిలో పెట్టి "పోయొస్తానమ్మా" అని వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. ఆ తరువాత ఆట నేర్పమని ఆయన్ని ఎవరూ పిలవలేదు. ఎప్పుడైనా ఫోన్ చేస్తే ఇద్దరం మోకాళ్ళ గురించే మాట్లాడుకుంటాం.

కింద అంకెలు ఆగి గొడవ మొదలైంది. "రేయ్, ఇప్పుడు వాడి వంతు. నువ్వు బయటికి రా" అని ఎవరో అరిచారు. బయటికొచ్చినవాడు సణుక్కుంటూ నా కింది మెట్టు మీద కూలబడ్డాడు. వాడికి కాసేపట్లో మళ్ళీ వంతు వస్తుంది. మాబోటివాళ్ళకు కాలం రెండోసారి వంతు ఇవ్వదు. ఆయన తనకు మిగిలిన ఆ ఒక్క వంతునూ కళ్ళు మూసుకునే పిల్లవాడి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.